పుంటికూర అంటే తప్పా? హైదరాబాద్ బడుల్లో దిద్దుబాటు, పిల్లల గుర్తింపు

తెలుగులో చదువు చుట్టూ ఉన్న మాటల్లో ‘దిద్దడం’ చాలాచోట్ల కనిపిస్తుంది. పిల్లల చేత ఓనమాలు దిద్దిస్తాం. పరీక్ష పేపర్లు దిద్దుతాం. తప్పులు దిద్దుతాం. మంచి టీచర్ గురించి చెప్పాల్సి వస్తే పిల్లల్ని తీర్చిదిద్దారు అంటాం. పలక మీద రాసిచ్చిన అక్షరంపై బలపం తిప్పడం దగ్గర్నుంచి, ఆ పిల్లవాడు ఎలాంటి మనిషిగా ఎదుగుతాడన్న దాకా ఒకే మాట సరిపోతోంది. భాష ఊరికే అలా పెట్టుకోలేదు. ‘నేనెవర్ని, మావాళ్ళెవరు, ఈ గదిలో నాకు చోటుందా’ అని పిల్లలు లోలోపల వేసుకునే లెక్క చాలావరకు తేలేది ఈ దిద్దే చోటే.

రకరకాల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కలిసి కూర్చునే తరగతుల గురించి మాట్లాడేటప్పుడు చర్చంతా పాఠ్యపుస్తకం మీదే నడుస్తుంది. ఎవరి పండగ ఉంది, ఎవరి నాయకుడున్నాడు, ఎవరి ఊసే లేదు అని. ఆ చర్చ అవసరమే. రాష్ట్రం వచ్చాక తెలంగాణ పుస్తకాలు మారడం, ఇక్కడి రచయితలు, ఇక్కడి పండగలు అందులోకి రావడం చిన్న విషయం కాదు. అయితే పుస్తకం మారేది ఎన్నో ఏళ్ళకోసారి. టీచర్ నోటి దిద్దుబాటు రోజుకు యాభైసార్లు జరుగుతుంది. పుస్తకంలో బతుకమ్మ పాఠం ఉండి, అదే పీరియడ్‌లో ఇంటి మాట మాట్లాడిన పిల్లకు చివాట్లు పడితే, ఆ పిల్లకు గుర్తుండేది చివాట్లే.

హైదరాబాద్ తరగతి గది సంగతి ఎందుకు ప్రత్యేకమో కాస్త చూడాలి. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళు, ఉర్దూ అని చెప్పినవాళ్ళు దాదాపు సమానం. ఒక్కొక్కరు నలభై శాతం పైనే. ఆ తర్వాత హిందీ, మరాఠీ, తమిళం, కన్నడం, గుజరాతీ. సుల్తాన్‌బజార్, కాచిగూడల్లో మరాఠీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. అత్తాపూర్ దగ్గర సిఖ్ ఛావనీ వాళ్ళ పూర్వీకులు 1832 ప్రాంతంలో లాహోర్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన సైనికులు. బార్కస్‌లో అరబ్బు మూలాల వాళ్ళు, ఏసీ గార్డ్స్‌లో ఆఫ్రికా మూలాల సిద్దీలు ఉన్నారు. ఇప్పుడు కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న టవర్ల కింద రేకుల షెడ్లలో ఒడిశా, బిహార్, బెంగాల్ పిల్లలున్నారు. తెలుగు పిల్లలంతా ఒక్కటేనా అంటే అదీ కాదు. పాలమూరు నుంచి వలస వచ్చిన కూలీ ఇంటి తెలుగు వేరు, శ్రీకాకుళం నుంచి వచ్చిన సెక్యూరిటీ గార్డు ఇంటి తెలుగు వేరు. దేవరకొండ తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్లకు తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మూడోది. వీళ్ళంతా ఒకే బెంచీ మీద, ఒకే టీచర్ ముందు ఉంటారు.

ఈ ఊరికి భాషావమానం కొత్తదేం కాదు. 1921 నవంబర్‌లో సుల్తాన్‌బజార్ ప్రాంతంలోని వివేకవర్ధని థియేటర్‌లో సంఘ సంస్కార మహాసభ జరిగింది. మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లిష్, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలను సభ శ్రద్ధగా వింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే గోల చేసి, ఎగతాళి చేసి కూర్చోబెట్టింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. అందులోంచి గ్రంథాలయాలు, బడులు, తర్వాత ఆంధ్ర మహాసభ వచ్చాయి. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో నారాయణగూడలో తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి మొదలవడానికీ ఆ ఊపే ఆధారం. అప్పటికి ఉన్నత చదువు అంటే ప్రధానంగా 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడిన ఉస్మానియా. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగే అయినా, చదువుకున్నవాళ్ళ సభలో దానికి విలువ లేకపోయింది.

ఈ కథను సాధారణంగా తెలుగువాళ్ళ ఆత్మగౌరవ కథగా చెప్పుకుంటాం. అలా చెప్పుకోవడం న్యాయమే. దాని రెండో సగాన్ని కూడా కలిపి చెప్పుకుంటే ఇంకా న్యాయంగా ఉంటుంది. ఎదిగిన వకీలు అవమానం తగిలాక సంఘం పెట్టగలిగాడు. తొమ్మిదేళ్ళ పిల్ల సంఘం పెట్టలేదు. నోరు మూసుకోవడం ఒక్కటే ఆ పిల్ల చేయగలిగేది.

ఒక ఆకు, ఐదు పేర్లు

ఆ నోరు ఎలా మూతపడుతుందో ఒక ఊహా దృశ్యంతో చూద్దాం. నగరంలో ఏదో ఒక ప్రభుత్వ బడి, నాలుగో తరగతి, పరిసరాల విజ్ఞానం పీరియడ్. ఆకుకూరల పాఠం. టీచర్ బజారు నుంచి తెచ్చిన గోంగూర కట్ట పైకెత్తి అడిగింది.

“ఇదేం కూర?”

“పుంటికూర, టీచర్!” అని ముందు బెంచీ నుంచి ఓ పిల్ల లేచింది.

ఇక్కడి నుంచి మూడు దారులున్నాయి. మొదటిది: “పుంటికూర కాదమ్మా, గోంగూర అనాలి.” టీచర్ గొంతులో కోపం లేదు. ప్రేమగానే చెప్పింది. క్లాసులో ఇద్దరు నవ్వారు. పిల్ల కూర్చుంది. ఆకును సరిగ్గా గుర్తుపట్టింది, ధైర్యంగా ముందు చెయ్యెత్తింది, అయినా ఆమెకు దక్కింది ‘కాదు’ అన్న మాట. తప్పన్నది ఆమె జవాబును కాదు, వాళ్ళమ్మ మాటను. తొమ్మిదేళ్ళ వయసులో ఈ తేడాను విడదీసి చూసుకునే శక్తి ఉండదు. తనకు తెలిసిందే తప్పనుకుంటుంది. ఇంకో రెండుసార్లు ఇలా జరిగితే, మూడోసారి ఆకు తెలిసినా లేవదు.

రెండో దారి: “ఆఁ, గోంగూరనే పుంటికూర అని కూడా అంటారు” అని ముందుకెళ్ళిపోవడం. ఇది చాలామంది మంచి టీచర్లు చేసే పని. పిల్లకు అవమానం తప్పింది. అయితే ‘కూడా’ అన్న మాటను కాస్త పట్టి చూడాలి. అసలు పేరు గోంగూర, నీది కొసరు పేరు అని అది చెప్పకనే చెబుతుంది.

మూడో దారి: “పుంటికూర. బాగా గుర్తుపట్టినవ్. మీ ఇళ్ళల్లో దీన్ని ఇంకేమంటారు?” అని అడిగి సుద్దముక్క చేతికి తీసుకోవడం. వెనక బెంచీ నుంచి ఒకడు “అంబాడా!” అంటాడు. వాడింట్లో అంబాడే కీ భాజీ వండుతారు. మరాఠీ పిల్ల “అంబాడీ” అంటుంది. బీదర్ వైపు నుంచి వచ్చిన పిల్లవాడు “పుండి” అంటాడు. శ్రీకాకుళం పిల్ల “గోంగూర” అంటుంది. బోర్డు మీద ఐదు మాటలు పడ్డాయి. ఇప్పుడు టీచర్ అడుగుతుంది: “వీటిల్లో చుట్టాల్లాంటి మాటలు ఏవి?” అంబాడా, అంబాడీ ఒక జత. పుంటి, పుండి ఇంకో జత. ఎందుకలా? ఎవరి ఊరు ఎవరి ఊరికి దగ్గర? పరిసరాల విజ్ఞానం పాఠంలోకి భూగోళం వచ్చేసింది. ఆ తర్వాత బెండపువ్వు, మందారపువ్వు, పుంటికూర పువ్వు పక్కపక్కన పెడితే మూడూ ఒకే కుటుంబమని పిల్లలే పట్టేస్తారు. చేనులో ఆ పువ్వును చూసిన పిల్ల ఆ రోజు క్లాసుకు పెద్ద దిక్కు.

ఈ మూడో దారికి పట్టే సమయం ఐదు నిమిషాలు. ఖర్చు సుద్దముక్క. మొదటి దారిలో పిల్లలు ఒక మాట నేర్చుకున్నారు, ఒక మాట పోగొట్టుకున్నారు. మూడో దారిలో గోంగూర అన్న మాట కూడా నేర్చుకున్నారు, ఎవరి మాటా పోలేదు. ప్రామాణిక భాష నేర్పొద్దని ఎవరూ అనడం లేదు. పరీక్షలో, దరఖాస్తులో, పేపర్లో అది కావాలి. అది పిల్లలకు అందాల్సిన హక్కు. ఇంటి మాటను తీసేస్తేనే అది వస్తుందన్న నమ్మకమే సమస్య. ఆలుగడ్డ అన్న పిల్ల బంగాళాదుంప నేర్చుకోలేదా? అంగి అన్నవాడికి చొక్కా రాదా? రెండూ వస్తాయి. ఎక్కడ ఏది వాడాలో కూడా తెలుస్తుంది. చెప్పేవాళ్ళు అలా చెబితే.

ఇక్కడ తెలుగు పిల్లలకూ ఉర్దూ పిల్లలకూ ఉన్న ఒక పోలిక ఎవరూ పెద్దగా పట్టించుకోరు. హైదరాబాదీ ముస్లిం ఇళ్ళల్లో మాట్లాడేది దక్కనీ. అవునంటే ‘హౌ’, వద్దంటే ‘నక్కో’, ఎందుకంటే ‘కైకు’. ఉర్దూ పుస్తకంలో ఉండేది లక్నో, ఢిల్లీ వైపు ఉర్దూ. అక్కడ ‘హౌ’ అంటే మోటు, ‘నక్కో’ అంటే నవ్వులాట. సినిమాలూ ఆ భాషను నవ్వించడానికే వాడాయి, తెలంగాణ యాసను ఏళ్ళ తరబడి వాడుకున్నట్టే. అంటే పాతబస్తీ ఉర్దూ మీడియం పిల్లకూ, బోరబండ తెలుగు మీడియం పిల్లవాడికీ సొంత మాతృభాష పీరియడ్‌లోనే ‘నీ భాష తప్పు’ అన్న మాట వినపడుతోంది. ఇది మాతృభాషా విద్య గురించి వాదించేవాళ్ళు ఆగి ఆలోచించాల్సిన చోటు. మీడియం మారినంత మాత్రాన ఇంటి భాష బడిలోకి వచ్చినట్టు కాదు.

మరి ఆ దక్కనీ ఎవరిది? 1591లో ఈ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పిన భాష. ఈ ఒక్క సంగతి ఉర్దూ క్లాసులో చెబితే చాలు, ‘నక్కో’ అన్న పిల్లవాడు నిటారుగా కూర్చుంటాడు. అలాగే కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతాం. ఆ వ్యాసాల్లో ‘పొద్దుగాల’ అని రాసిన పిల్లకు ఎర్ర ఇంకు సున్నా చుట్టకుండా ఉంటే ఆ రోజు జరిపినందుకు నిండుదనం వస్తుంది.

మాటల తర్వాత పేర్లు

గుర్తింపు మీద దెబ్బ భాష దగ్గరే ఆగదు. హాజరుపట్టీ ఇంకో చోటు. జాటోత్, బానోత్ అన్న ఇంటిపేరు చదివేటప్పుడు గొంతు మారడం, ఒడియా పేరు నోరు తిరగక ‘ఒరేయ్ ఒడిశా’ అని పిలవడం, హిజాబ్ వేసుకున్న ముగ్గురు ఆడపిల్లల పేర్లు తారుమారు చేసి పిలవడం. వీటిలో ఏ ఒక్కటీ కావాలని చేసే అవమానం కాకపోవచ్చు. పిల్లకు మాత్రం తన పేరు టీచర్ సరిగ్గా పలకడానికి వారం పట్టిందా, ఏడాది దాటినా రాలేదా అన్నది బాగా తెలుసు.

అంతకంటే బరువైనది స్కాలర్‌షిప్ ఫారాల రోజు. “ఎస్సీ పిల్లలు లేవండి. ఎస్టీ వాళ్ళు? మైనారిటీ వాళ్ళు ఆఫీసు రూముకెళ్ళండి.” పనిలో పనిగా అనే మాటలు. అరవై మంది కళ్ళముందు నిలబడ్డ పిల్లలకు ఏమవుతుందో ఉత్తరప్రదేశ్ పల్లెల్లో జరిగిన ఒక ప్రయోగం చెబుతుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే పరిశోధకులు ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకు కాగితం మీద చిక్కుదారుల పజిళ్ళు ఇచ్చారు. సరిగ్గా చేసినన్ని పజిళ్ళకు డబ్బులు. ఎవరి కులం ఏమిటో బయటికి చెప్పనప్పుడు దళిత పిల్లలు, పై కులాల పిల్లలు చేసిన పజిళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు పేరు, ఊరు, తండ్రి పేరు, కులం చదివాక దళిత పిల్లలు చేసిన పజిళ్ళ సంఖ్య గణనీయంగా పడిపోయింది. పిల్లలు అలాంటి పిల్లలే, పజిళ్ళు అవే. మారిందల్లా పెద్దవాళ్ళు గట్టిగా చదివిన ఒక్క మాట.

2006లో అచ్చయిన ఈ పరిశోధన తెలిసిన ఏ హెడ్మాస్టరూ ఫారాల కోసం పిల్లల్ని నిలబెట్టరు. ఒక్కొక్కరినీ విడిగా పిలవొచ్చు, తల్లిదండ్రులకు ఫోన్ చేయొచ్చు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడంతోపాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. కులం పేరుతో నిలబెట్టడం ఆ కోవలోకి వస్తుందా రాదా అన్నది చట్టం తెలిసినవాళ్ళు తేల్చనీ. పిల్లకు జరిగే నష్టం మాత్రం తేలిపోయిన సంగతే.

పేపర్లు దిద్దడం మీద కూడా మనదేశంలోనే ఒక పరీక్ష జరిగింది. రెమా హన్నా, లీ లిండెన్ అనే పరిశోధకులు జవాబుపత్రాల ముఖపేజీ మీద కులం వివరాన్ని ఎలా పడితే అలా కలిపేసి టీచర్లకు ఇచ్చారు. కింది కులం అని రాసి ఉన్న పేపర్లకు కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే. బాధపెట్టే సంగతి ఏమిటంటే, ఆ తగ్గింపు ఎక్కువగా కింది కులాల నుంచి వచ్చిన టీచర్ల చేతిలోనే కనిపించింది. చిన్నప్పుడు ఎవరో దిద్దిన తీరే చేతికి అలవాటై, తమలాంటి పిల్లల మీదికే వెళ్ళిందా? కారణం ఇదేనని ఆ లెక్కలు తేల్చలేదు. ఆలోచనలో మాత్రం పడేస్తుంది.

దీనికి మందుగా బడులు చేసే పని తెలిసిందే. ఏడాదికోసారి ‘భిన్నత్వంలో ఏకత్వం’ కార్యక్రమం. ఒకడికి షేర్వానీ, ఒకరికి పంజాబీ పగిడీ, లంబాడీ పిల్లకు అద్దాల లెహంగా. ఫొటోలు బాగుంటాయి. దానివల్ల హాని లేదు, లాభమూ పెద్దగా లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పుకోవాలి. “నువ్వు లంబాడీ కదా, మీ పాట పాడు” అని అందరి ముందు అడగడం గౌరవమని టీచర్ అనుకోవచ్చు. ఆ పిల్ల ఆ ఏడాది సినిమా పాట పాడాలనుకుందేమో. ఫలానా జాతి పిల్ల ఫలానాలా ఉండాలని ప్రేమగా నిర్ణయించడం కూడా పిల్ల తరఫున పెద్దవాళ్ళు దిద్దేయడమే. గుర్తింపు పిల్ల సొంతం. ఎప్పుడు చూపించాలో, ఎప్పుడు దాచుకోవాలో, ఎప్పుడు మార్చుకోవాలో ఆమెకే వదలాలి.

ఇంగ్లిష్ దగ్గర ఆగే నోళ్ళు

ఇక ఇంగ్లిష్ మీడియం. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుగా పుస్తకాలు అచ్చువేశారు. ఇంగ్లిష్ కావాలన్న తల్లిదండ్రుల కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఇన్నేళ్ళు ఆ భాష ఎవరింట్లో ఉందో వాళ్ళ పిల్లలకే ఉద్యోగాలు రావడం చూసిన తర్వాత పుట్టిన కోరిక అది. ఎదురెదురు పేజీల ఆలోచన కూడా మంచిదే. పిల్ల తనకు తెలిసిన భాషను ఆసరా చేసుకుని తెలియని భాషలోకి నడుస్తుంది. ఒడియా పిల్లకు, లంబాడీ పిల్లకు ఆ రెండు పేజీల్లో ఏదీ ఇంటి పేజీ కాదన్నది మాత్రం మర్చిపోకూడదు.

నష్టం చేసేది ఇంగ్లిష్ కాదు, ‘ఇంగ్లిష్ మాత్రమే’ అన్న నియమం. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే ప్రైవేట్ బడుల కథలు నగరంలో ప్రతి గల్లీలో వినిపిస్తాయి. 2009లో మైదుకూరులో ఒక ప్రైవేట్ బడిలో తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో ‘ఇక తెలుగు మాట్లాడను’ అన్న అర్థం వచ్చే బోర్డులు వేలాడదీసిన సంఘటన అప్పట్లో పెద్ద దుమారం లేపింది. బోర్డులు ఇప్పుడు కనపడవు. మెడలో లేని ఆ బోర్డు పిల్లల గొంతులో ఉంది. అందుకే వాళ్ళు ఇంటర్వెల్‌లో గలగలా మాట్లాడి, బెల్లు మోగాక మూగవాళ్ళవుతారు.

ఆ మౌనాన్ని టీచర్లు ఎలా చదువుతారన్నదే అసలు ముప్పు. ఎదుటి భాషలో కబుర్లు చెప్పుకునేంత పట్టు రావడానికి ఏడాది, రెండేళ్ళు చాలని, పాఠాలు ఆలోచించి రాసేంత పట్టుకు మాత్రం ఐదు నుంచి ఏడేళ్ళు పట్టొచ్చని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చాలాకాలం కిందటే చూపించాడు. మన బడులు ఐదేళ్ళు ఆగవు. మూడో నెలలోనే ‘వీడికి రాదు’ అన్న ముద్ర పడిపోతుంది. రానిది భాష. ముద్ర పడేది తెలివి మీద. కొన్నాళ్ళకు పిల్లవాడే ఆ ముద్రను మోస్తూ “నాకు చదువు రాదు సార్” అంటాడు. గుర్తింపు తయారవడమంటే ఇదే, కళ్ళముందు.

తెలుగుకూ ఇదే సూత్రం తిరగేసి వర్తిస్తుంది. 2018 చట్టంతో తెలంగాణలోని అన్ని బడుల్లో, ఏ బోర్డు అయినా, తెలుగు తప్పనిసరి చేశారు. ఈ ఊళ్ళో పెరిగే పిల్లకు ఈ ఊరి భాష రావాలి, అందులో రెండో మాట లేదు. కానీ బిహార్ నుంచి వచ్చిన పిల్లకు మొదటి రోజే పద్యం ప్రతిపదార్థం బట్టీ పట్టమంటే తెలుగు ఆమెకు శిక్ష అవుతుంది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బడుల తొమ్మిది, పదో తరగతులకు బరువైన ‘సింగిడి’ బదులు తేలికైన ‘వెన్నెల’ వాచకం పెట్టాలని 2025లో తీసుకున్న నిర్ణయం ఆ దిశలో మంచి అడుగు. ఒకప్పుడు సభలో తెలుగు మాట్లాడినందుకు గేలి పడ్డ సమాజం, తెలుగు రాని పిల్లను గేలి చేయకుండా నేర్పగలగాలి.

పిల్లల ఇళ్ళల్లో ఉన్న తెలివిని పాఠంలోకి తెచ్చే పద్ధతి ఒకటి అమెరికాలోని టూసాన్‌లో నడిచింది. 1990ల మొదట్లో లూయిస్ మోల్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు టీచర్లను మెక్సికన్ మూలాల పిల్లల ఇళ్ళకు తీసుకెళ్ళారు, లోపాలు లెక్కపెట్టడానికి కాదు, ఆ ఇంట్లో ఏం తెలుసో నేర్చుకోవడానికి. హైదరాబాద్‌లో ఆ పని చేస్తే ఏం దొరుకుతుంది? లాడ్‌బజార్‌కు లక్క గాజులు చేసిచ్చే ఇల్లు చూడండి. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఇంటి పిల్లకు గాజు సైజులు నోటికి వచ్చు: రెండు-నాలుగు, రెండు-ఆరు, రెండు-ఎనిమిది. రెండు-ఎనిమిది అంటే ఎంత? లెక్కల పుస్తకం చదివినవాళ్ళు 2.8 అంగుళాలు అంటారు. అది తప్పు. గాజుల లెక్కలో అంగుళానికి పదహారు భాగాలు. రెండు-ఎనిమిది అంటే రెండు, ఇంకా పదహారింట ఎనిమిది, అంటే రెండున్నర అంగుళాలు. రెండు-నాలుగు అంటే రెండుంబావు. భిన్నాలంటే క్లాసు మొత్తం బెదిరిపోయే ఐదో తరగతిలో, ఆ పిల్ల చేతికి నాలుగు గాజులూ ఒక స్కేలూ ఇచ్చి బోర్డు దగ్గరికి పిలవండి. ఆ రోజు టీచర్‌ను దిద్దేది ఆ పిల్లే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా తప్పదు. ఇంటి పనిలోని తెలివిని మెచ్చుకోవడం పిల్లల చేత పని చేయించడాన్ని మెచ్చుకోవడం కాకూడదు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి బిహార్ పిల్లలను రెండు వందల మందికి పైగా పోలీసులు బయటికి తీసుకొచ్చారు. ఆ పిల్లలకూ గాజు సైజులు తెలుసు. వాళ్ళకు కావాల్సింది ఆ పని మీద పొగడ్త కాదు, బడి.

పిల్లలను ఎవరి పక్కన కూర్చోబెడతామన్నదీ బోధనే. గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త ఢిల్లీలో ఖరీదైన ప్రైవేట్ బడులను పరిశీలించాడు. కోటా కింద పేద పిల్లలు చేరిన తరగతుల్లో చదివిన ధనిక పిల్లలు మరింత ఉదారంగా తయారయ్యారు, పేద పిల్లలను దూరం పెట్టడం తగ్గింది. పరుగుపందెం జట్టులోకి తీసుకునేటప్పుడు కూడా ఆ తేడా కనిపించింది. పేర్ల అక్షరక్రమంలో చదువు గ్రూపులు వేసిన బడులను విడిగా చూస్తే, ఒకే గ్రూపులో పడి రోజూ కలిసి పని చేసినవాళ్ళలో మార్పు బలంగా ఉంది. విద్యాహక్కు చట్టంలోని ఈ 25 శాతం కోటా తెలంగాణలో ఏళ్ళ తరబడి అమలుకు నోచుకోలేదు. ఆ సంగతి అలా ఉంచినా, ఇప్పటికే కలగలిసి ఉన్న తరగతుల్లో సైతం ఉర్దూ పిల్లలు ఒక వరుస, ‘బస్తీ పిల్లలు’ ఒక వరుసగా కూర్చుంటారు. హాజరుపట్టీ వరుస ప్రకారం నలుగురేసి కూర్చోబెట్టి, పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి తలా ఒకటి ఇచ్చి, ఒకరికొకరు చెప్పుకుంటేనే పాఠం పూర్తయ్యేలా చేయొచ్చు. నల్ల, తెల్ల పిల్లలను కొత్తగా ఒకే బడిలో కలిపిన 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వవేత్తకు తట్టిన ఉపాయం అది. పక్కవాడి నోరు మూయిస్తే తన పాఠమే అసంపూర్తిగా మిగులుతుందని పిల్లలకు రెండో రోజుకే అర్థమవుతుంది.

ఇదంతా చెప్పడం తేలిక, యాభై మంది పిల్లలు, సగం సిలబస్, రేపు ఇన్‌స్పెక్షన్ అన్న టెన్షన్‌లో ఉన్న టీచర్‌కు చేయడం కష్టం. ఆ కష్టం నిజం. ప్రాథమిక బడుల్లో రెండు తరగతులను ఒక్క టీచర్ చూసుకునే చోట ఇంటింటికీ వెళ్ళమనడం అన్యాయం. అందుకే మొదలుపెట్టాల్సింది అదనపు పని దగ్గర కాదు, ఎలాగూ రోజూ చేసే పని దగ్గర. పేరు పిలవడం ఎలాగూ ఉంది. ఫారాలు నింపించడం ఉంది. తప్పు దిద్దడం ఉంది. వాటిని చేసే తీరు మారడానికి జీవో అక్కర్లేదు.

2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ అక్టోబర్‌లో పదివేల మందికి పైగా కొత్త టీచర్లు నియామక పత్రాలు అందుకున్నారు. వాళ్ళలో చాలామంది పల్లెల నుంచి, తండాల నుంచి, బస్తీల నుంచి వచ్చినవాళ్ళు. పుంటికూర అని, మక్కలు అని, నక్కో అని పెరిగినవాళ్ళు. ఉద్యోగం కోసం పరీక్ష తెలుగు, కోచింగ్ సెంటర్ తెలుగు నేర్చుకున్నవాళ్ళు. క్లాసులో నిలబడ్డ మొదటి నెల అదే తెలుగులో మాట్లాడతారు, ఎవరైనా నవ్వుతారేమోనని. వాళ్ళకిచ్చే శిక్షణలో ఒక్క పూట దీనికి కేటాయించి, ప్రతి ఒక్కరినీ ఒక్క ప్రశ్న అడిగితే బాగుంటుంది: మీరు బడిలో ఉన్నప్పుడు మీ ఇంటి మాట ఏది తప్పయింది? ఆ మాటలన్నీ ఒక చార్టు మీద రాయించి, వాళ్ళ వాళ్ళ క్లాసు గోడకు అంటించుకోమని ఇచ్చి పంపాలి.

జూన్‌లో బడి తెరిచిన రోజు, ఆ చార్టు కింద పిల్లలు తమ మాటలు రాసుకోవడానికి కాస్త ఖాళీ చోటు వదిలితే చాలు.